జోరీగల వెంట, జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల తిరిగొచ్చానని చెబితే మా తణుకులో అందరూ ఒకటే అడిగారు, అక్కడ ఏం చూశారని. జోరీగలను చూశానన్నాను. నవ్వి ఊరుకున్నారు. నేను హాస్యమాడలేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పశువులను పీడించే పరాన్నజీవుల మీద పరిశోధన నా ఉద్యోగం. పిడుదులు, కార్జంలో చేరే జలగలు, రక్తంలో ఈదే కంటికి కనపడని పురుగులు, వాటిని మోసుకు తిరిగే ఈగలు, వీటితోనే నా రోజులు గడుస్తాయి. జోరీగ ఇంటి ఈగకు మూడింతలుంటుంది. గేదె వీపు మీద వాలి, తోలు కోసి రక్తం తాగుతుంది. గేదె తోక విసిరితే తాగడం సగంలోనే ఆపి లేచి పక్క గేదె మీద వాలుతుంది. ఆ మూతికి అంటిన తడిలో రోగం కూడా వెళ్ళిపోతుంది. ఆ రోగం పేరు సర్రా. జ్వరం వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. పాలు ఎండిపోతాయి. కొన్ని గేదెలు ఉన్నచోటే గుండ్రంగా తిరిగి తిరిగి కూలబడతాయి.

కోరుట్ల దగ్గర ఒక పల్లెలో గేదెలు ఇలాగే పడిపోతున్నాయని అక్కడి పశువైద్యుడు నరేశ్ ఫోన్ చేశాడు. చదువుకునే రోజుల్లో అతను నాకు జూనియర్.

"రక్తం తీసి పంపిన మేడం. ఏం లేదనే అంటున్రు. నాకు మాత్రం సర్రానే అనిపిస్తున్నది. మీరొక్కసారి అచ్చి చూడున్రి" అన్నాడు.

వానలు తగ్గుముఖం పట్టాయి. జోరీగలు బాగా ముసిరేది అప్పుడే. చిన్న మైక్రోస్కోపు, ఈగలను పట్టే గుడ్డ వలలు సంచిలో సర్దుకుని బయలుదేరాను. ఆ పురుగును కళ్ళారా చూసేదాకా వెనక్కి రాకూడదని ముందే అనుకున్నాను.

జగిత్యాల అంగడిలో

జగిత్యాలలో దిగిన పొద్దున్నే నరేశ్ నన్ను పశువుల సంతకు తీసుకెళ్ళాడు. సంతను ఇక్కడ అంగడి అంటారు, గేదెను బర్రె అంటారు. నేను గేదె అన్నప్పుడల్లా ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఆగి, మనసులో బర్రెగా మార్చుకుని, తర్వాత జవాబు చెప్పేవారు. మా వైపు సంతలో బేరమంటే పది మందీ వినేలా అరుచుకోవడమే. ఇక్కడ కొనేవాడూ అమ్మేవాడూ ఒక తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటున్నారు. వాళ్ళ ముఖాలు చూస్తే వాన గురించి మాట్లాడుకుంటున్నారేమో అనిపిస్తుంది.

నేను పశువుల కాళ్ళ దగ్గర కూర్చుని చూస్తున్నాను. గేదె ముందుకాలు మాటిమాటికీ నేలకేసి కొడుతోందంటే అక్కడ కాటు ఈగ ఉన్నట్టే. అచ్చం ఇంటి ఈగలాగే ఉంటుంది, మూతి మాత్రం సూదిలా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని చూద్దామని ఇంకాస్త వంగానో లేదో, పేడలో తడిసిన తోక వచ్చి నా ముఖానికి గట్టిగా తగిలింది. కళ్ళజోడు ఎగిరి పడింది. ఆ గేదె యజమాని నీళ్ళ సీసా అందించాడు. పేరు ఖాజా, పాడిపశువుల బేరగాడు.

"కొనేటోళ్ళు పొదుగు చూస్తరు. మీరేంది మేడం, కాళ్ళు చూస్తున్రు" అన్నాడు.

ఎందుకో చెప్పాను. మేము వెళ్ళబోయే పల్లె పేరు వినగానే అతని నవ్వు ఆగిపోయింది.

"గా కాలువ పక్క ఊరి బర్లా? ముఫత్‌ల ఇచ్చినా నాకొద్దు. కొన్నోళ్ళు నెల తిరగకముందే నా ఇంటికచ్చి లొల్లి పెడుతున్రు. బర్రె మంచిగనే కనవడ్తది మేడం, తెచ్చినంక పడిపోతది."

"మరి ఆ ఊరివాళ్ళు అమ్ముకోవాలంటే ఎట్లా?"

"కోతకు కొనేటోళ్ళకు అమ్ముకుంటున్రు. వాళ్ళు చెప్పిందే ధర."

అంగడి నుంచి వస్తుంటే నన్ను బాధపెట్టింది ఆ ధర ఒక్కటే కాదు. చూడ్డానికి బాగున్న గేదె ఒంట్లో రోగం పెట్టుకుని ఈ అంగడి గుండా ఎన్ని ఊళ్ళకు పోతోందో ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం పాత కోట వైపు ఒక చిన్న హోటల్లో భోజనం చేశాం. ప్లేటు నూట ఇరవై. పచ్చిపులుసు వడ్డించారు. చింతపండు పులుసులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొంచెం బెల్లం, పొయ్యి మీద పెట్టకుండానే. మా ఇళ్ళల్లో పులుసంటే గంట సేపు మరగాల్సిందే. మీరెందుకు కాచరని వడ్డించే ఆవిడను అడిగాను.

"కాగవెడ్తె అది చారైతది గద" అంది. రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాను.

కోరుట్ల దాటాక, కాలువ పక్కన

ఆ పల్లె పేరు రాయను. రాస్తే అక్కడి పాలు కొనేవాళ్ళు మానేస్తారేమోనని భయం. కాచిన పాల వల్ల మనుషులకు ఏ ప్రమాదమూ లేదు. కానీ పుకారు పుడితే ఆ సంగతి ఎవరు వింటారు?

కోరుట్ల దాటాక దారికి రెండు పక్కలా మొక్కజొన్న, పసుపు, మధ్యమధ్య వరి. కాలువ నిండుగా పారుతోంది. గట్టు కింద ఊటనీటితో ఎప్పుడూ ఆరని బురద. నరేశ్‌ను బండి ఆపమని దిగి చూశాను. జోరీగ పిల్లలు పెరిగేది అలాంటి బురదలోనే. పంట పండించే నీటి పక్కనే ఇవీ పెరుగుతున్నాయన్నమాట.

మేము వెళ్ళింది గంగామణి ఇంటికి. ఆమెకు నలభై లోపు ఉంటాయి. భర్త మస్కట్‌లో పనిచేస్తాడు. పొలం, పాడి, ఇల్లు అన్నీ ఆమే చూసుకుంటుంది. మేము వెళ్ళేసరికి ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మా నరసాపురం వైపు ఆడవాళ్ళు లేసు అల్లేటప్పుడు చూపు ఎక్కడో ఉండి వేళ్ళు వాటంతటవే ఆడుతుంటాయి. ఆమె వేళ్ళు కూడా అలాగే ఆడుతున్నాయి. చూపంతా కొట్టం మీద ఉంది.

కొట్టంలో ఒక గేదె గుంజ చుట్టూ తిరుగుతోంది. ఎడమవైపే. తాడు చుట్టుకుపోయి మెడ బిగుసుకున్నప్పుడు ఆగుతుంది. గంగామణి లేచి వెళ్ళి తాడు విప్పుతుంది. మళ్ళీ తిరగడం మొదలు. దాని ఎడమ కన్ను పాలు పోసినట్టు తెల్లగా ఉంది.

"రెండు పోయినయి మేడం. ఇది మూడోది. ఇంక నాలుగున్నయి" అంది. తర్వాత ముళ్ళకంప అవతలి ఇంటి వైపు చూపించి గొంతు తగ్గించింది. "మా యారాలు. కుడితిల ఏందో కలిపింది. దాని బర్లకు ఏం కాలే. పక్కపక్క కొట్టాలు, గదే గడ్డి, గవే నీళ్ళు. నా బర్లే ఎట్ల పడ్తయి?"

యారాలంటే తోడికోడలు. పేరు నర్సవ్వ. గట్టు విషయంలో ఎప్పుడో మాటామాటా వచ్చిందట. రెండో గేదె చచ్చిన రోజున గంగామణి వీధిలో నిలబడి నర్సవ్వ పేరు పెట్టి మందు పెట్టిందని తిట్టింది. అప్పటి నుంచి రెండిళ్ళ మధ్య మాటల్లేవు.

ఆమె అడిగిన ప్రశ్న న్యాయమైనదే. గేదె చెవి నరం నుంచి రక్తం తీసి, వసారా అరుగు మీద మైక్రోస్కోపు పెట్టి చూశాను. ఏమీ లేదు. జ్వరం కూడా లేదు. ఈ పురుగు జ్వరం ఎగిసినప్పుడే రక్తంలో గుంపుగా కనిపిస్తుంది, తగ్గగానే కనుమరుగవుతుంది.

"జ్వరం ఎప్పుడొస్తదో ఎవలికి ఎర్క?" అంది గంగామణి.

"వచ్చేదాకా రోజూ వస్తాను" అన్నాను.

కొట్టం పక్కన రెండు వలలు కట్టాం. నీలి గుడ్డ, నల్ల గుడ్డ, పైన దోమతెర గుడారం. నీలం రంగు చూసి ఈగ వస్తుంది, నలుపు మీద వాలబోతుంది, వెలుతురు కోసం పైకెగిరి తెరలో చిక్కుతుంది. నరేశ్ వారం ముందే నిలవబెట్టిన గేదె పంచితం సీసాలో పోసి పక్కన పెడితే ఆ వాసనకు ఇంకా వస్తాయి.

మర్నాడు పొద్దున మేము వెళ్ళేసరికి వలలు లేవు. ఒకటి వేపచెట్టు కొమ్మకు పేలికలై వేలాడుతోంది. రెండోది మొక్కజొన్న చేను గట్టున ఒక కోతి తల మీద కప్పుకుని కూర్చుంది. మా వైపు కోతులు గుళ్ళ దగ్గర కొబ్బరిచిప్పలతో సరిపెట్టుకుంటాయి. ఇక్కడ మందలు మందలుగా చేలమీద పడతాయి. జనం వాటికి భయపడి కూరగాయలు వేయడమే మానేశారు. గంగామణి కర్ర పట్టుకుని పోయి దొరికిన పేలికలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆ రోజు కూడా జ్వరం లేదు, రక్తంలో ఏమీ లేదు. మేముండగానే మస్కట్ నుంచి ఆమె భర్త వీడియో కాల్ చేశాడు.

"ఇగ చాలు. అచ్చిన కాడికి అన్ని అమ్మెయ్యి. ఉన్నయి కూడ సస్తె ఏం మిగులుతది?" అంటున్నాడు. కోపం కాదు, అలసిపోయిన గొంతు.

ఆమె ఫోను నా వైపు తిప్పలేదు. "అమ్మితె మళ్ళ కొంటమా? నాలుగు రోజులు ఆగు. గీ మేడం గంత దూరం నుంచి అచ్చింది, ఆమెనే ఇడువలే. నేనెట్ల ఇడుస్త?" అని ఫోను పెట్టేసింది.

వేములవాడ మీదుగా సిరిసిల్ల

వలలు మళ్ళీ కుట్టాలి. ఏ నీలమైనా పనికిరాదు. లేత నీలానికి ఈగలు రావు, మరీ ముదురైతే వాటికి నలుపులాగే ఉంటుంది. గుడ్డ మెరవకూడదు.

"గుడ్డ ముచ్చటైతె సిరిసిల్లకు పోవాలె మేడం. ఆడ లేని రంగు ఉండది" అన్నాడు నరేశ్. అతనికి దవాఖానాలో పనుంది. ఒక్కదాన్నే బస్సెక్కాను.

వేములవాడ దగ్గర బస్సు కిక్కిరిసింది. తలనీలాలు ఇచ్చి పసుపు పూసుకున్న గుండ్లతో పిల్లలు, బెల్లం బుట్టలతో పెద్దవాళ్ళు. ఇక్కడ కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేసే మొక్కు ఉంది. మా వైపు అలాంటిది ఎరగను. పక్క సీటులో కూర్చున్న ముసలాయన తన మనవడి పేర కోడె మొక్కు తీర్చుకుని వస్తున్నాడు. తాడు పట్టుకున్నప్పుడు కోడె తన చెయ్యి నాకిందని చెప్పి ఆ చెయ్యి చూపించాడు.

అంతలో బస్సు కుదుపుకు నా సంచిలో ఏదో ఒలికింది. పంచితం సీసా ఒకటి తీసి పెట్టడం మరిచిపోయాను. వారం రోజులు ఎండలో నిలవబెట్టిన గేదె పంచితం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. కండక్టరు ముక్కు మూసుకుని, "ఎవల సంచి ఇది?" అన్నాడు. నేను చెయ్యెత్తేలోపే ముసలాయన, "కోడె పంచితమేనయ్యా. దేవుని కాడికెళ్ళి తెచ్చుకున్నది. ఏం గాదు" అని సర్దిచెప్పాడు. కండక్టరు దండం పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇక్కడ కాడికెళ్ళి అంటే దగ్గర నుంచి అని. సిరిసిల్లలో దిగగానే మొదట చేసిన పని సంచి కడుక్కోవడం.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఒక వీధిలోకి తిరిగితే రెండు పక్కలా అవే చప్పుళ్ళు. ఆ చప్పుడులోనే పిల్లలు హోంవర్కు చేసుకుంటున్నారు, ఆడవాళ్ళు కూరగాయలు బేరమాడుతున్నారు. నాలుగైదు చోట్ల అడిగాక సత్తయ్య అనే ఆయన దొరికాడు. యాభై దాటిన మనిషి. కుర్రతనంలో పొరుగు రాష్ట్రంలోని భీవండి వెళ్ళి మగ్గాలు నడిపి, తిరిగొచ్చి సొంత సాంచాలు పెట్టుకున్నాడు.

కోతి మిగిల్చిన పేలిక చూపించాను. ఆయన దాన్ని గుమ్మం బయట ఎండలో పట్టుకుని చూశాడు.

"స్కూలు పిల్లల గుడ్డయితె ఉన్నది. గింత నీలం కాదది. దేనికమ్మా?"

"ఈగలను పట్టడానికి."

"ఈగలకు రంగులు తెలుస్తయా?"

"మనకన్నా బాగా తెలుస్తాయి."

కాసేపు ఆలోచించి లోపలి గదిలోంచి దుమ్ము పట్టిన తాను ఒకటి తెచ్చాడు. ఎన్నికలప్పుడు జెండాల కోసం వచ్చిన గుడ్డ. ఎన్నికలైపోయాయి, గుడ్డ మిగిలింది. విప్పి పేలిక పక్కన పెట్టాం. మెరుపు లేదు. రంగు దాదాపు అదే.

నల్లగుడ్డ, దోమతెర బజార్లో కొన్నాను. కుట్టింది సత్తయ్య భార్య విజయ. నేను కాగితం మీద గీసిన బొమ్మను ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాలుగు మూలల లంగ లెక్క కుట్టి, పైన ముసుగు ఎయ్యాలె. గంతే గద" అని మిషను ముందు కూర్చుంది.

మధ్యలో లేచి సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, కరివేపాకు కలిపి గిన్నెకు ఒత్తి కాల్చింది. మా ఇంట్లో దీన్నే తపాలాచెక్క అంటామని చెబితే, "మీ దిక్కు కూడ చేస్తరా?" అని ఆశ్చర్యపోయి ఇంకో ముక్క వేసింది. మాది ఇంత కారంగా ఉండదు. నేను నీళ్ళు తాగుతుంటే సత్తయ్య మజ్జిగ తెప్పించాడు.

వెళ్ళేటప్పుడు ఆయన అడిగాడు. "బుగ్గారంల మా చెల్లెకు రెండు బర్లున్నయి. ఎండకు ఒకటే తోక కొట్టుకుంటయట. ఆమెకొకటి కుట్టి పంపచ్చా?"

ఎక్కడ కట్టాలో, పక్కన సీసా ఎలా పెట్టాలో విజయకు చెప్పి, బొమ్మ కాగితం వాళ్ళ దగ్గరే వదిలేశాను.

మళ్ళీ పల్లెలో

కొత్త వలలకు సరైన చోటు కాలువ గట్టు కింద బురద పక్కన. అది నర్సవ్వ పొలం. గంగామణి అడగనంది. నేనే వెళ్ళాను. నర్సవ్వ వాకిట్లో మొక్కజొన్న కంకులు ఒలుస్తోంది. గంగామణి కన్నా పదేళ్ళు పెద్దది. నేను చెప్పింది మొత్తం విన్నది. ఒలవడం ఆపలేదు.

"ఏమండీ, రెండు కర్రలు పాతేంత చోటు చాలు" అన్నాను.

"మందు వెట్టినదాన్ని గద నేను. నా పొలంల గుడ్డలు కట్టి, గవి గిట్ల కరాబైతె గది కూడ నేనే చేసిన్నంటరు. ముందుగాల నా మీదికెళ్ళి గా మాట తియ్యున్రి. గప్పుడు పొలం అడుగున్రి."

వలలు గంగామణి చేలోనే, చెట్లకు దూరంగా కట్టాం. కోతులు రాకుండా ఆమె కర్ర పట్టుకుని అక్కడే కూర్చుని బీడీలు చుట్టింది.

మరుసటి ఉదయం నేను గడపలో అడుగు పెట్టకముందే గంగామణి ఎదురొచ్చింది. "ఒళ్ళు కాలుతున్నది మేడం. చెవులు ముట్టి చూడున్రి."

థర్మామీటరు పెట్టాం. నూట అయిదు దాటింది. చెవి నుంచి ఒక్క చుక్క రక్తం గాజుపలక మీద వేసి, వేడి తగ్గకముందే మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎర్రకణాలు నిశ్చలంగా ఉన్నాయి. పలక కొంచెం జరిపాను. ఒకచోట కణాలు ఎవరో మోచేత్తో పొడిచినట్టు కదులుతున్నాయి. అక్కడే ఆగాను. కణాల మధ్య నుంచి సన్నగా, పొడుగ్గా ఒకటి మెలికలు తిరుగుతూ బయటికొచ్చింది. దాని వెనక ఇంకొకటి. నేను లేచి నరేశ్‌ను కూర్చోమన్నాను. అతను చూసి, "ఉన్నది" అని ఒక్క మాట అన్నాడు.

"నేను చూస్త" అంది గంగామణి.

ఒక కన్ను ఎలా మూయాలో తెలియక కొంగుతో కప్పుకుని చూసింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"పాము పిల్లల లెక్క ఉన్నయి. గివేనా నా రెండు బర్లను తిన్నయి?"

"ఇవే."

"ఎవలన్న వెడ్తె వచ్చేటియి కావు?"

"కాదు. జోరీగలు తెస్తాయి."

నరేశ్ సూది వేసే పనిలో పడ్డాడు. ఆమె కుండ దగ్గరికి పోయి ముఖం కడుక్కుంది. కొంగు భుజం మీదికి సర్దుకుంది.

"మీరు కూడ రాన్రి మేడం. నా ఒక్కదాని మాట ఆమె నమ్మది" అని ముళ్ళకంప తొలగించుకుని అవతలికి నడిచింది.

నర్సవ్వ గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"అక్కా, నా బర్లకు అచ్చింది రోగం. కండ్లార చూసిన. నువ్వేం చెయ్యలే. నేనన్నది తప్పు" అంది గంగామణి.

"ఊరంత ఇనేటట్టు అన్నవ్. ఇప్పుడు నా గడపల నిలవడి నాకు చెప్తున్నవ్."

గంగామణి ఒక క్షణం తల వంచుకుంది. "ఊరంత ఇనేటట్టే చెప్త" అంది.

ఆ సాయంత్రం పాల కేంద్రం దగ్గర అందరూ క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. గంగామణి క్యాను కింద పెట్టింది. తన గేదెలకు సర్రా అనే రోగం వచ్చిందని, యారాలే కాదు, ఎవరూ మందు పెట్టలేదని, తాను నర్సవ్వను అన్న మాటలన్నీ తప్పని గట్టిగా చెప్పింది. రోగం అన్న మాట వినగానే ఆమె వెనకున్నవాళ్ళు తమ క్యాన్లు కాస్త దూరం జరుపుకున్నారు. ఆమె అది చూసింది. అలా జరుగుతుందని ఆమెకు ముందే తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. నరేశ్ కలగజేసుకుని, కాచిన పాలకు ఏ భయమూ లేదని, జబ్బుపడిన గేదె పాలు ఎలాగూ పిండడం లేదని నచ్చజెప్పాడు. జరిగిన క్యాన్లు మళ్ళీ దగ్గరికి రావడానికి చాలాసేపు పట్టింది.

నర్సవ్వ వరస చివర ఉంది. పాలు పోసి వెళ్ళిపోయింది. తెల్లవారి మేము వచ్చేసరికి తన కొట్టం ముందు నిలబడి ఉంది.

"పొలంల కట్టుకోన్రి. నా బర్ల రక్తం కూడ చూడున్రి" అంది.

ఎవరి కొట్టం నుంచి

బురద పక్కన కట్టిన వలలో మధ్యాహ్నానికే జోరీగలు గుప్పెళ్ళకొద్దీ చిక్కాయి. ఎండ ముదిరేకొద్దీ తెర నల్లబడింది. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి, ఇన్ని ఉంటాయనుకోలేదన్నారు. ఇద్దరు ఆ గుడ్డ ఎక్కడ దొరుకుతుందని అడిగారు. సత్తయ్య ఇంటి గుర్తులు చెప్పాను.

నర్సవ్వ గేదెల రక్తం నరేశ్ కోరుట్ల దవాఖానాకు తీసుకెళ్ళి, యంత్రంలో గిర్రున తిప్పి చూశాడు. అలా చూస్తే పైకి జబ్బు కనిపించని గేదెలో దాగిన పురుగులు కూడా బయటపడే అవకాశం ఎక్కువ. ఒకదానిలో దొరికాయి. అది ఆమె కొట్టంలో అన్నిటికన్నా నిగనిగలాడే గేదె, అన్నిటికన్నా ఎక్కువ పాలిచ్చేది.

ఈ సంగతి నేను గంగామణికి ముందుగా చెప్పాను. రెండు కొట్టాలకూ ఒకేరోజు మందు వేయాలి కాబట్టి చెప్పక తప్పదు. ఆమె తవుడు కలుపుతున్న చెయ్యి ఆగింది.

"గా బర్రెను ఆమె వానలకు ముంగట అంగడిల కొన్నది" అంది మెల్లగా. "అది అచ్చినంకనే నా బర్లు పడ్డయి."

కొన్ని గేదెలు పైకి ఏమీ కనపడకుండా రోగాన్ని మోస్తాయని, ఎటు నుంచి ఎటు వచ్చిందో ఇప్పుడు ఎవరూ రుజువు చేయలేరని చెప్పాను. నిజం అదే. కానీ ఆమె ఊహ తప్పని చెప్పేంత ధైర్యం నాకు లేదు. ఆమె తవుడు కలపడం పూర్తిచేసి చేతులు కడుక్కుంది.

తిరిగే గేదె ఆ పాటికి తిరగడం ఆపింది. గడ్డి తింటోంది. తెల్లబడిన కన్నుకు చూపు రాదని నరేశ్ చెప్పాడు. ఆమె దాన్ని ఆ కన్ను వైపు నుంచి కాక రెండోవైపు నుంచి పిలవడం అలవాటు చేసుకుంది.

నేను బయలుదేరాల్సిన రోజున రెండిళ్ళ పశువులకూ మందు వేశాం. మొదటిది నర్సవ్వ నిగనిగలాడే గేదె. తాడు నర్సవ్వ పట్టుకుంది, మూతి పట్టడానికి గంగామణి వచ్చింది. నరేశ్ సూదిలోకి మందు ఎక్కిస్తుంటే నర్సవ్వ నా వైపు తిరిగింది.

"మేడం, ఒక ముచ్చట అడుగుత, నిజం చెప్పున్రి. నా బర్రె కాడికెళ్ళే దాని బర్లకు అంటుకున్నదా?"

శాస్త్రం చెప్పే జవాబు ఒకటుంది, అందులో సగం ఆమెను జీవితాంతం తినేస్తుంది. నేను నోరు తెరిచేలోపే గంగామణి అంది.

"కాలువ కాడికెళ్ళి అచ్చింది. జోరీగకు నీ బర్రేంది, నా బర్రేంది. తాడు దగ్గరికి పట్టక్కా, సూది చూస్తె తల ఇసురుతది."

నర్సవ్వ ఆమె ముఖంలోకి చూసి, తాడు చేతికి రెండు చుట్లు చుట్టి దగ్గరికి లాగింది. గంగామణి మూతి పట్టుకుంది. నరేశ్ సూది వేశాడు. గేదె ఒక్కసారి ఒళ్ళు విదిల్చి ఊరుకుంది. గంగామణి దాని మెడ మీద చరిచి, తర్వాతి దాన్ని విప్పుకురావడానికి నర్సవ్వ కొట్టంలోకి నడిచింది.